బాక్సులో కింది మూల

సాంబమూర్తి బంతిని సిమెంటు మీద కొట్టుకుంటూ మధ్య గీత దాటి, "ఒకటి" అని అరిచాడు.

రింగు ముందర నలుగురు పెట్టె ఆకారంలో నిలబడి ఉన్నారు. ఫ్రీ త్రో గీత రెండు చివర్లలో ఇద్దరు, రింగు కింద రెండు పక్కల ఇద్దరు. ఆటగాళ్లు దాన్ని బాక్సు అంటారు. ఒకటి అన్న పిలుపుకు పై మూలల్లో ఉన్న ఇద్దరూ కిందికి దిగాలి. కింది మూలల్లో ఉన్న తమవాళ్లను ఎవరు కాస్తున్నారో వాళ్లకు అడ్డం నిలబడాలి. ఆ అడ్డు చుట్టి వాళ్లు వచ్చేలోపల కిందివాళ్లు పైకి వస్తారు. కుడివైపు పైకి వచ్చినవాడికి బంతి అందుతుంది. అతను రింగులో వేస్తాడు.

కుడివైపు పైనుంచి దిగేవాడు భద్రు. కిందినుంచి పైకి వచ్చి బంతి వేసేవాడు వెంకటనారాయణ.

భద్రు దిగాడు. కాళ్లు ఎడం చేసి, చేతులు రొమ్ము మీద కట్టుకుని, సాంబమూర్తి వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. వెంకటనారాయణను కాస్తున్న గోప్యా వెంట పరుగెత్తబోయి భద్రు పక్కటెముకలకు భుజంతో కొట్టుకున్నాడు. భద్రు కదల్లేదు. వెంకటనారాయణ గీత చివరికి వచ్చి బంతి అందుకుని వేశాడు. బంతి వలలోంచి జారింది.

ఫైనల్ ఆట ఎల్లుండి. బొగ్గు కంపెనీ ఏరియాల మధ్య బాస్కెట్‌బాల్ పోటీల్లో కొత్తగూడెం జట్టు, మణుగూరు జట్టు మిగిలాయి. ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి, స్నానాలు చేసి, వెలుతురు ఉన్నంతసేపూ ఆడుతున్నారు. కోర్టు మీద బొగ్గు పొడి పేరుకుంటుంది. ఆటకు ముందు రోజూ ఎవరో ఒకరు చీపురు పడతారు. ఎక్కువ రోజులు భద్రే పడతాడు.

మళ్లీ ఒకటి పిలిచాడు సాంబమూర్తి. ఈసారి గోప్యా, భద్రును కాయాల్సిన మనిషి, ఇద్దరూ వెంకటనారాయణ మీదికి పోయారు. భద్రు తల తిప్పి చూశాడు. రింగు కింద అతనొక్కడే ఉన్నాడు. పూర్తిగా తిరిగి చెయ్యి పైకెత్తాడు.

సాంబమూర్తి బంతిని చంకలో పెట్టుకుని ఆగాడు.

"మూడు అన్ననార నేను?"

"లేదన్నా. జాగ ఖాళీగ కనబడ్డది."

"కనబడితే కదులుతవా? కింద గట్లనే కదులుతవా?"

కింద అంటే గనిలో. సాంబమూర్తి గనిలో హాలర్ నడుపుతాడు. బొగ్గు నింపిన టబ్బులను ఇనుపతాడుతో పైకి లాగే యంత్రం అది. తాడు అవతలి కొన అతనికి కనిపించదు. అక్కడినుంచి వచ్చే గంటల లెక్క ప్రకారం ఆపుతాడు, లాగుతాడు, వదులుతాడు. ఒక గంట అంటే ఆపడం. కెప్టెన్‌గా జట్టుకు ఆట నేర్పేటప్పుడు ఆ లెక్కనే తెచ్చి పెట్టాడు. ఒకటి అంటే అడ్డం నిలబడి అక్కడే ఆగిపోవాలి. మూడు అంటే అడ్డం నిలబడి, వెంటనే వెనక్కి తిరిగి రింగు మీదికి పోవాలి. అప్పుడు బంతి అడ్డం నిలబడ్డవాడికే వస్తుంది. గనివాళ్లు కాబట్టి ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

"గంట లేకుండ కదిలినోడు టబ్బు కిందికి పోతడు," అన్నాడు సాంబమూర్తి. "నువ్వు బంతి దిక్కు చూడొద్దు. చూస్తే భుజం తిరుగుతది. భుజం తిరిగితే ఫౌల్ ఇస్తరు. నేను మూడు అనేదాక నువ్వు గోడవు. సమజయిందా?"

"అయిందన్నా."

గోప్యా నవ్వాడు. పొద్దంతా తట్టతో బొగ్గు నింపుడు, మాపటికి బంతి తట్టల ఏసుడు, మనకీ తట్ట తప్పేటట్టు లేదని అన్నాడు. భద్రుకు వేసే భాగ్యం ఎక్కడిది, వాడు మోసేదాంట్లోనే ఉన్నడని ఇంకొకరు అన్నారు. భద్రు కూడా నవ్వాడు. పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని పై మూలకు నడిచాడు.

అతను టబ్బుల్లో బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్. పర్మినెంట్ కార్మికుడు ఎవరైనా పనికి రాకపోతే ఆ చోటున మస్టరు పడుతుంది, ఆ రోజుకు పని దొరుకుతుంది. అందరూ వచ్చిన రోజున ఇంటికి పోవాలి. ఏన్కూరు దగ్గరి తండా నుంచి వచ్చి, గోప్యాతో కలిసి కిరాయి గదిలో ఉంటున్నాడు. ఎల్లుండి ఆట చూసి కంపెనీ జట్టుకు మనుషులను ఎంచడానికి ఖమ్మం నుంచి సెలెక్టర్ వస్తున్నాడు. ఎంపికైన బదిలీని పర్మినెంట్ చేసి, గని పైన పని ఇవ్వడం ఆనవాయితీ. జట్టులో బదిలీలు ఇద్దరే, భద్రు, గోప్యా. గోప్యాను ఆటలో దించేది తక్కువ.

ప్రాక్టీసు అయ్యాక భద్రు బంతి తుడిచి సంచిలో పెట్టాడు. ఎల్లుండి ఒక్కసారన్నా మూడు పిలుస్తావా అని అడిగాడు. చూద్దామన్నాడు సాంబమూర్తి. తర్వాత అతని మొహం చూసి, పిలుస్తాలే అన్నాడు.

*

ఫైనల్ రోజున కోర్టు చుట్టూ బెంచీలు వేశారు. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే వచ్చి నిలబడ్డారు. బల్ల దగ్గర స్కోరు రాసే మనిషి, ఏరియా స్పోర్ట్స్ చూసే చెంచురామయ్య, పక్కన సెలెక్టర్ వెంకటరామారావు కూర్చున్నారు. వెంకటరామారావు ఖమ్మంలో ఒక కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్. ఆటంతా మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ముందుకు వంగి చూశాడు. చప్పట్లు కొట్టలేదు.

సాంబమూర్తి ఎక్కువసార్లు ఒకటే పిలిచాడు. వెంకటనారాయణ చెయ్యి బాగా పడుతోంది. పిలిచిన ప్రతిసారీ భద్రు దిగి నిలబడ్డాడు. మణుగూరు వాళ్లు వచ్చి అతనికి కొట్టుకున్నారు. ఒకడి మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. బనీను అంచుతో తుడుచుకుని మళ్లీ మూలలో నిలబడ్డాడు.

రెండో సగంలో ఒకసారి మూడు పిలుద్దామనుకున్నాడు సాంబమూర్తి. నోటిదాకా వచ్చింది. అప్పటికి రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బంతి భద్రు చేతిలో జారితే అన్న ఆలోచన వచ్చింది. ఒకటే పిలిచాడు.

చివరి నిమిషంలో జట్టు ఒక్క పాయింటు వెనక ఉంది. టైం అవుట్ తీసుకున్నారు. అందరూ వంగి భుజాల మీద చేతులు వేసుకున్నారు. ఒకటి ఆడదామని, బంతి వెంకటనారాయణకు ఇస్తానని సాంబమూర్తి చెప్పాడు. తలలు ఊపారు. భద్రు కూడా ఊపాడు.

సాంబమూర్తి బంతి కొట్టుకుంటూ వచ్చాడు. చుట్టూ గోల. "ఒకటి" అని అరిచాడు. భద్రు దిగాడు. కాళ్లు ఎడం చేసి చేతులు కట్టుకున్నాడు. వెంకటనారాయణ అతని భుజాన్ని రాసుకుంటూ పైకి వచ్చాడు. మొదటినుంచీ అదే ఎత్తు చూసిన మణుగూరు వాళ్లు ఇద్దరూ ఒక్కసారిగా వెంకటనారాయణ మీద పడ్డారు. రింగు కింద భద్రు ఒక్కడే మిగిలాడు. అతనికీ రింగుకీ మధ్య ఎవరూ లేరు.

సాంబమూర్తి చేతులు బంతిని భద్రుకు విసిరాయి.

భద్రు వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. బంతి రెండు రెక్కల మధ్య తగిలి, ఎగిరి, గీత దాటి బెంచీల కిందికి దొర్లింది. భద్రు ఒక అడుగు తూలి నిలదొక్కుకున్నాడు. అప్పుడు కూడా చేతులు కట్టుకునే ఉన్నాడు. ఏం తగిలిందో తెలియక ముందు బంతి కోసం పైకి చూశాడు, తర్వాత సాంబమూర్తిని చూశాడు.

మణుగూరు వాళ్లు గీత బయటినుంచి బంతి లోపలికి వేసుకున్నారు. ఆట అయిపోయినట్టు విజిల్ పడింది.

జనం భద్రు పేరు పెట్టి తిట్టడం మొదలుపెట్టారు. పేరు తెలియనివాళ్లు లంబాడోడని తిట్టారు. భద్రు కోర్టు పక్కనున్న నల్లా దగ్గరికి పోయి మొహం కడుక్కోసాగాడు. సాంబమూర్తి బూట్ల తాళ్లు విప్పుతుండగా చెంచురామయ్య పిలిచాడు.

వెంకటరామారావు బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వెంకటనారాయణ అప్పటికే అక్కడ ఉన్నాడు. జట్టువాళ్లు ఒకరిద్దరు చేతికందే దూరంలో ఉన్నారు.

"కుడివైపు అడ్డం నిలబడ్డ అబ్బాయి ఎవరయ్యా?" అని అడిగాడు వెంకటరామారావు.

"భద్రు సార్. బదిలీ ఫిల్లర్."

"మంచి స్క్రీన్ వేస్తాడు. ఎంతమంది వచ్చి గుద్దినా కదల్లేదు. రింగు కింద నిలబడటానికి అలాంటివాడే కావాలి నాకు." నల్లా వైపు చూశాడు. "మరి ఆఖర్న ఎందుకు తిరగలేదు? తిరగమని నువ్వు పిలిచావా, లేదా?"

చెంచురామయ్య సాంబమూర్తిని చూస్తున్నాడు. వెంకటనారాయణ నేల చూస్తున్నాడు. సాంబమూర్తి చేతిలో ఒక బూటు ఉంది.

"పిలిచిన సార్," అన్నాడు. "మర్చిపోయిండు."

వెంకటరామారావు తల ఊపాడు. సరే, వెళ్లమన్నాడు. సాంబమూర్తి ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా బెంచీ దాకా నడిచాడు. నల్లా దగ్గర నీళ్ల చప్పుడు ఆగి ఉంది. భద్రు అటు తిరిగి తుండుతో మెడ తుడుచుకుంటున్నాడు.

*

మర్నాడు గనిలో అందరికీ అదే మాట. భద్రుకు ఆ రోజు మస్టరు పడింది. టబ్బుల దగ్గర ఒకడు అతని చెవి దగ్గరికి పోయి "మూడు" అని అరిచి, ఇప్పుడన్నా వినబడ్డదా అని అడిగాడట. ఇంకొకడు చెవిటి భద్రు అని పేరు పెట్టాడట. మధ్యాహ్నానికి ఆ పేరు హాలర్ గది దాకా వచ్చింది. చెప్పినవాడు నవ్వుతూ చెప్పాడు. సాంబమూర్తి మీట మీద చెయ్యి తీయకుండా విన్నాడు. భద్రు ఏమన్నాడని అడిగాడు. ఏమంటాడు, నవ్వి తట్ట ఎత్తుకున్నాడని చెప్పాడు అతను.

షిఫ్టు దిగాక క్యాంటీన్‌లో వెంకటనారాయణ కనిపించాడు. అతను ఏరియా ఆఫీసులో గుమాస్తా. సత్తుపల్లి దగ్గర వాళ్లకు పొలాలున్నాయి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ కొన్నారు. గనివాళ్ల బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చోడు. ఆ రోజు తన గ్లాసు తెచ్చుకుని సాంబమూర్తి ఎదురుగా కూర్చున్నాడు.

"మీరు ఒకటే అన్నారు కెప్టెన్ గారూ," అన్నాడు. "బంతి నాకే వస్తుందనుకుని చేతులు కూడా చాపాను."

సాంబమూర్తి టీ తాగాడు.

"నేనెవరికీ చెప్పలేదులెండి," అన్నాడు వెంకటనారాయణ. గ్లాసు తీసుకుని లేచిపోయాడు. ఆ మాట కోసమే వచ్చి కూర్చున్నట్టు ఉంది.

ఇంట్లో అన్నం పెడుతూ భార్య రామక్క అదే సంగతి ఎత్తింది. నీళ్ల కాడ ఆడవాళ్లు అనుకుంటున్నారట, ఒక బదిలీ పిలగాడు మొద్దులా నిలబడి ఆట పోగొట్టాడని. కిందటి నెల బియ్యం మూట మోసుకొచ్చి పెట్టినాయనేనా అని అడిగింది. అవునన్నాడు. ఆయన మర్చిపోయే మనిషి లెక్క కనబడలేదే, నిజంగానే మర్చిపోయిండా అని అడిగింది.

"నాకేం తెలుసు," అన్నాడు సాంబమూర్తి.

రామక్క అతని మొహం చూసింది. పులుసు పోసింది. అతను కలిపిన అన్నం కలిపినట్టే ఉంచి చెయ్యి కడుక్కున్నాడు.

తర్వాతి రోజు ఎంపికైనవాళ్ల పేర్లు క్లబ్బు గోడకు అంటించారు. కొత్తగూడెం నుంచి ఇద్దరు: సాంబమూర్తి, వెంకటనారాయణ. నెల రోజుల క్యాంపు. అన్ని రోజులూ గనిలోకి దిగే పని లేదు, జీతం ఆగదు. రింగు కింద నిలబడటానికి మణుగూరు మనిషిని తీసుకున్నారు. పేర్లు చదవడానికి వచ్చినవాళ్లు సాంబమూర్తి వీపు తట్టారు. భద్రు కూడా వచ్చాడు. చివరిదాకా చదివి, మళ్లీ మొదటినుంచి చదివి, సాంబమూర్తితో చెయ్యి కలిపాడు.  మంచిగయిందన్నా అన్నాడు.

ఆ సాయంత్రం ప్రాక్టీసు లేదు. అయినా భద్రు కోర్టు ఊడ్చాడని గోప్యా చెప్పాడు.

సాంబమూర్తి రామక్కకు నిజం చెప్పాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని విన్నది. మధ్యలో మంట తగ్గితే కట్టె లోపలికి తోసింది. అంతా విన్నాక, ఇప్పుడు నాకు చెప్తే ఏమొస్తది, ఆ సారుకు చెప్పాలె గదా అన్నది.

*

సెలవు పెట్టి పొద్దున్నే ఖమ్మం బస్సెక్కాడు. జూలూరుపాడు దాటాక రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు. ఏన్కూరులో బస్సు ఆగినప్పుడు ఇద్దరు లంబాడీ ఆడవాళ్లు మిరపకాయల బస్తాతో ఎక్కబోతే కండక్టర్ బస్తా పైన వేయమన్నాడు. వాళ్లలో ఒకామె నిచ్చెన ఎక్కి వేసి, దిగి వచ్చి సాంబమూర్తి ముందు సీటులో కూర్చుంది. ఈమె భద్రు తండా మనిషేమో అనిపించి అతను కిటికీ వైపు తిరిగాడు.

చెప్పాల్సిన మాటలు లోపల అనుకుంటూ పోయాడు. సార్, నేను మూడు పిలవలేదు. ఒకటి పిలిచిన. తప్పు నాది. ఆయన తిడితే పడాలి. తన పేరు కొట్టేస్తే కొట్టేయనీ. భద్రు పేరు ఎక్కితే చాలు. తల్లాడ దగ్గరికి వచ్చేసరికి మాటలు వరస కుదిరాయి.

ఖమ్మంలో మార్కెట్ యార్డు దగ్గర మిరప ఘాటుకు బస్సులో అందరూ తుమ్మారు. అక్కడ దిగి అడుగుతూ కాలేజీకి నడిచాడు. వెంకటరామారావు గ్రౌండులో వంగి సున్నంతో గీతలు వేస్తున్నాడు. ప్యూన్ రాలేదట. సాంబమూర్తిని గుర్తుపట్టి, బాగా వచ్చావు, ఆ తాడు కొన పట్టుకో అన్నాడు.

సాంబమూర్తి కూర్చుని తాడు కొనను మేకు దగ్గర నొక్కి పట్టాడు. అవతలి కొన కర్రకు కట్టి ఉంది. వెంకటరామారావు తాడు వెంట సున్నం పోసుకుంటూ వస్తున్నాడు. ఎందుకొచ్చావని అడిగాడు.

"సార్, ఆ రోజు నేను మూడు పిలవలే. ఒకటి పిలిచిన. ఒకటి అంటే అతను తిరగొద్దు. భద్రుది తప్పు లేదు."

వెంకటరామారావు సున్నం పోయడం ఆపలేదు. సాంబమూర్తి మిగతాది కూడా చెప్పాడు. పిలుపుల లెక్క చెప్పాడు. ప్రాక్టీసులో భద్రు తిరిగినందుకు తిట్టింది చెప్పాడు. మీరు అడిగినప్పుడు అందరి ముందర నోటికి అట్ల వచ్చిందని చెప్పాడు.

గీత సాంబమూర్తి దాకా వచ్చింది. వెంకటరామారావు నడుము పట్టుకుని నిటారుగా లేచాడు. అతని మొహంలో కోపం లేదు. నవ్వుతున్నాడు.

"నేను ఆ అబ్బాయిని కూడా అడిగానయ్యా. నీతో మాట్లాడాక నల్లా దగ్గరికి పోయి అడిగాను. కెప్టెన్ పిలిచాడు సార్, నేనే మర్చిపోయాను అన్నాడు."

సాంబమూర్తి తాడు వదిలేశాడు.

"అబద్ధం సార్ అది."

"వాడికి దానివల్ల నష్టం. తన ఉద్యోగం పోయేటట్టు ఎవడన్నా అబద్ధం చెప్తాడా?"

సాంబమూర్తి ఒట్టు పెట్టాడు. వెంకటనారాయణను అడగమన్నాడు. వెంకటరామారావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. చేతి సున్నం చొక్కాకు అంటుకుంది. జట్టులో చిన్నవాడి తప్పును నెత్తిన వేసుకోవడానికి ఇంత దూరం వచ్చినవాణ్ని తను చూడలేదన్నాడు. కెప్టెన్ అంటే అట్లా ఉండాలన్నాడు. కంపెనీ జట్టుకు ఇంకా కెప్టెన్‌ను నిర్ణయించలేదని, ఇవాళే చెంచురామయ్యకు ఫోన్ చేసి నీ పేరు చెప్తానని అన్నాడు. జాబితా హెడ్డాఫీసుకు వెళ్లిపోయింది కాబట్టి ఆ అబ్బాయి సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు.

"తాడు పట్టుకో," అన్నాడు. "ఇంకో గీత ఉంది."

సాంబమూర్తి వంగి తాడు పట్టుకున్నాడు. ఆ గీత అయ్యేదాకా పట్టుకునే ఉన్నాడు.

తిరుగు బస్సులో నిలబడటానికే చోటు దొరికింది. పై కడ్డీ పట్టుకుని ఏన్కూరు దాకా వచ్చాడు. భద్రు తనను కాపాడాడు. ఆ మాటే మళ్లీ మళ్లీ వచ్చింది. అన్నా అని పిలిచినందుకు అన్న మాట నిలబెట్టాడు. తన ఉద్యోగం పోతుందని తెలిసీ నిలబెట్టాడు. ఆ ఆలోచనతో సిగ్గు తగ్గలేదు గాని, దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. తన మీద ఒక మనిషికి అంత ప్రేమ ఉందని. కొత్తగూడెంలో దిగేసరికి ఆ మాట అతనికి ఆసరాగా ఉంది.

*

పొద్దున్నే గని టైం ఆఫీసు కిటికీ ముందు బదిలీలు గుమిగూడి ఉన్నారు. షిఫ్టుకు ఎవరెవరు రాలేదో తేలాక గుమాస్తా కిటికీ తెరిచి, కావలసినంత మందిని పిలుస్తాడు. భద్రు గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. టిఫిను డబ్బా కాళ్ల మధ్య ఉంది. సాంబమూర్తి అతన్ని సైకిళ్ల స్టాండు దగ్గరికి పిలిచాడు.

నిన్న ఖమ్మం పోయానని, సెలెక్టర్‌ను కలిశానని చెప్పాడు. భద్రు మొహం మారింది.

"ఎందుకు పోయినవన్నా?"

"నేను మూడు పిలవలేదని చెప్పిన. నమ్మలే. నువ్వే మర్చిపోయిన అన్నవంట గదా."

భద్రు కిటికీ వైపు చూశాడు. అది ఇంకా మూసే ఉంది.

"ఆ రోజు సారుతోని నేను చెప్పింది నువ్వు విన్నవా?"

"ఇన్న. నల్లా కాడ్నే ఉంటి గదా."

"మరి నిజం ఎందుకు చెప్పలే? నాకోసం నీ నౌకరి పోగొట్టుకుంటవార?"

భద్రు డబ్బా ముందుకు పట్టుకున్నాడు. డబ్బా మూత బిగించాడు. అది బిగిసే ఉంది.

"పిలిచిన అని నువ్వు అంటివి," అన్నాడు. "పిలవలే అని నేనంటే నిన్ను అబద్ధాలోన్ని చేసినట్టయితది. సారు ఇయ్యాల ఉంటడు, రేపు పోతడు. నన్ను కోర్టుల నిలబెట్టేది నువ్వాయె. నిన్ను కాదనుకుంటే నాకు ఆ నిలబడుడు గూడ ఉండదు. భయమైంది."

సాంబమూర్తి సైకిలు సీటు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. బస్సులో తెచ్చుకున్న ఆసరా పోయింది. భద్రు గొంతులో కోపం లేదు. అడిగితే చెప్పాడు, అంతే.

ఇద్దరం కలిసి ఖమ్మం పోదాం, నువ్వూ చెప్పు అన్నాడు సాంబమూర్తి. భద్రు తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు మాట మారిస్తే మర్చిపోయినోన్నే కాదు, అబద్ధాలోన్ని కూడా అవుతానన్నాడు. వచ్చే ఏడు ఆ సారే మళ్లీ వస్తే అదే గుర్తు పెట్టుకుంటాడన్నాడు.

"అయితే నేను క్యాంపుకు పోను."

"నువ్వు పోకుంటే ఆ జాగ నాకిస్తరా?"

సాంబమూర్తి ఆలోచించాడు. "ఇయ్యరు. ఇంకో ఏరియా వానికి ఇస్తరు."

"మరి పో అన్నా."

కిటికీ తెరుచుకుంది. బదిలీలు లేచి ముందుకు తోసుకున్నారు. భద్రు కూడా పరుగెత్తి వాళ్ల మధ్యలోకి దూరాడు. సాంబమూర్తి అతని వెనకే వచ్చి గుంపులో నిలబడిపోయాడు. వెనకనుంచి ఎవరో అతని నడుము మీద చెయ్యి వేసి, "అన్నా, నీకు మస్టరు ఉంది గద, జర జరుగు," అన్నారు. అతను పక్కకు జరిగాడు.

గుమాస్తా కొన్ని పేర్లు పిలిచి కిటికీ మూశాడు. పిలిచినవాళ్లలో గోప్యా ఉన్నాడు. భద్రు లేడు. మిగిలినవాళ్లు కాసేపు ఆ కిటికీ ముందే నిలబడి, ఒక్కొక్కరే రోడ్డు వైపు నడిచారు. సాంబమూర్తి లైటు తీసుకుని గనిలోకి దిగాల్సిన వేళ దాటిపోతోంది.

భద్రు డబ్బా చేతిలో పట్టుకుని అతని పక్కనుంచి పోతూ ఆగాడు.

"నువ్వు క్యాంపుల ఉన్నన్ని దినాలు ఈడ కెప్టెన్ ఎవరన్నా?"

ఇంకా అనుకోలేదని చెప్పాడు సాంబమూర్తి.

"ఎవరో తెలిస్తే నాకు జర జల్దీ చెప్పు," అన్నాడు భద్రు. "ముందుగాల పోయి కలుస్త."